అమ్మ కోసం 412 పాటల ప్లేలిస్ట్ చేశాను, ఆవిడ వినట్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

1. తెనాలి అమ్మాయి

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 71 ఏళ్లు. నాన్నగారు పోయినేడాది కాలం చేశారు. అమ్మ తెనాలి వదిలి రానంది, నాదేమో పుణెలో ఉద్యోగం. సంక్రాంతికి వెళ్తే ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. నాన్న ఉన్నన్నాళ్లూ పొద్దున లేచింది మొదలు ఏదో ఒక పాట మోగుతూనే ఉండేది. అందుకని నా పాత ఫోను, ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు అమ్మకిచ్చి, పాటల యాప్‌కి ఏడాది చందా కట్టాను. తర్వాత మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని 412 పాటలు ఏరాను. ఘంటసాల, సుశీల, లీల, జిక్కి, ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్, బాలు, జానకి... అమ్మ కూనిరాగం తీయగా విన్న పాట ఒక్కటీ వదల్లేదు. 'అమ్మ పాటలు' అని పేరు పెట్టాను.

రెండు రోజులు విన్నది. ఇప్పుడు ఫోన్ చేస్తే వెనక ఏ చప్పుడూ ఉండట్లేదు. అడిగితే, "పాటలు మంచివేనే, మనసు కుదరట్లేదు. ఇది అయ్యాక అది రావాలి కదా, ఇంకేదో వస్తోంది" అంటోంది. ఒక రోజు దీపం పెడుతుంటే క్లబ్బు పాట అందుకుందట. ఎలా ఆపాలో తెలియక స్పీకర్ మీద తువ్వాలు కప్పిందట. అది విన్నాక నాకు ఆ రోజంతా పని సాగలేదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. నేను పెట్టిన పాటల్లో 37 బూడిద రంగులోకి మారిపోయాయి, నొక్కినా పలకవు. నేను పెట్టని కొత్త సినిమా పాటలేమో మధ్యలో వస్తున్నాయి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

2. కోడ్ కూనిరాగం

ముందు పెట్టని పాటల సంగతి చూద్దాం, అది తేలిక. రెండు చోట్ల ఆపాలి.

మీ పాటల యాప్ స్పాటిఫై అయితే షఫుల్ (పాటల వరస కలగలిపేది) గుర్తు నొక్కినప్పుడు మామూలు షఫుల్‌తో పాటు స్మార్ట్ షఫుల్ కూడా వస్తుంది. అది మీ జాబితా మధ్యలో తనకు నచ్చినవి దూరుస్తుంది. షఫుల్ పూర్తిగా ఆపేయండి. రెండోది ఆటోప్లే. జాబితా అయిపోగానే 'ఇలాంటివే' అని వేరే పాటలు వరసపెట్టి వినిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే అని ఉంటుంది, తీసేయండి. యూట్యూబ్ మ్యూజిక్‌లోనూ ఆటోప్లే మీట ఉంది, పాట వినిపించేటప్పుడు వరుసలో ఉన్న పాటల జాబితా తెరిస్తే కనపడుతుంది.

ఈ రెండూ అమ్మగారి ఫోన్లోనే మార్చాలి. మీ ఫోన్లో మార్చి ఊరుకుంటే అక్కడ మారుతుందన్న భరోసా లేదు.

3. రేడియో రోజులు

అమ్మాయి గారూ, మీరు చేసింది కొట్టుగది. బియ్యం, పప్పు, బెల్లం, చింతపండు అన్నీ ఉన్నాయి, వంట మాత్రం జరగలేదు. మీ శ్రమని చిన్నబుచ్చుతున్నానని అనుకోకండి, సరుకు లేనిదే వంట లేదు. 412 పాటలు ఏరడం మాటలా!

మీ అమ్మగారి వయసు వాళ్ల చెవి ఎక్కడ తయారైందో చూడండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ తరం పిల్లలు గడియారం చూసి కాదు, రేడియో విని బడికి తయారయ్యేవారు. పొద్దున్నే భక్తిరంజని వస్తుంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు తీర్చిదిద్దిన కార్యక్రమం అది. ఆ తర్వాత వార్తలు. సినిమా పాటలు వాటి వేళకు అవే. ఏ పూటకి ఏం వినాలో స్టేషన్ వాళ్లు ఆలోచించి పెట్టేవారు. పొద్దున ఆరింటికి క్లబ్బు పాట వేసే ప్రసక్తే లేదు.

అందుకని ఆ 412నీ అలాగే ఉంచి, అందులోంచి నాలుగు చిన్న జాబితాలు తీయండి. పొద్దున పూజకి, వంట వేళకి, సాయంత్రం అరుగు మీద కూర్చునే వేళకి, రాత్రి పడుకునే ముందుకి. ఒక్కోటీ ముప్పావుగంట దాటొద్దు. పేర్లు కూడా 'ఉదయం', 'వంటిల్లు', 'సాయంత్రం', 'రాత్రి' అని తెలుగులోనే పెట్టండి, కళ్లజోడు లేకపోయినా పోల్చుకోవాలి.

4. సన్నజాజి

నేను ఒప్పుకోను. పాట అనుకోకుండా రావాలి. తర్వాత ఏది వస్తుందో తెలిసిపోతే ఇక అందులో ఏముంది? మా ఇంట్లో 900 పాటల జాబితా, ఎప్పుడూ షఫుల్‌లోనే. బట్టలు మడతపెడుతుంటే పదేళ్లుగా మరచిపోయిన పాట ఒకటి వచ్చి పడుతుంది, చేతిలో చీర అలాగే ఉండిపోతుంది. రేడియోలో కూడా మనం అడిగింది రాదుగా, వచ్చిందే వింటాం.

5. రేడియో రోజులు

వచ్చిందే వింటాం, నిజమే. కానీ అది ఎంచి వేసేవాడు ఒకడున్నాడని మనకు తెలుసు. షఫుల్ వెనక ఎవరూ ఉండరు. మీకది సరిపోతే వినండి సన్నజాజి గారూ, ఇక్కడ అడుగుతున్నది మాత్రం ఒంటరిగా ఉన్న పెద్దావిడ గురించి.

6. పాత క్యాసెట్టు

రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లు క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాను. ఈ విషయం మీద నాకు నాలుగు మాటలున్నాయి.

జనం కాగితం మీద పాటలు రాసి తెచ్చేవారు. పల్లవి మొదటి ముక్క, పక్కన సినిమా పేరు. నేను కాగితం తీసుకుని ముందు ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: ఎవరు వింటారండీ, ఎక్కడ వింటారండీ? టీ కొట్టుకైతే ఒక వరస. పెళ్లి పందిరికైతే ఒకటి. కారులోకైతే ఇంకొకటి. పాటలు అవే ఉండొచ్చు, వరస మారుతుంది.

సీ-90 క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. సినిమా పాట మూడున్నర నాలుగు నిమిషాలు అనుకుంటే ఒక వైపు పదకొండు, పన్నెండు పడతాయి. చివర్లో రెండు నిమిషాల టేపు మిగిలేది. అందులో పాట పట్టదు. పాట గొంతులో తెగిపోవడం అంత పాపం ఇంకోటి లేదు, అందుకని అక్కడ ఒక పద్యమో, వీణ ముక్కో వేసేవాణ్ణి. రెండు హుషారు పాటల తర్వాత ఒక నెమ్మది పాట. ఒకే గొంతు వరసగా మూడుసార్లు రాకూడదు. విషాద గీతం అవ్వగానే డాన్సు పాట అసలు రాకూడదు, మధ్యలో ఒక మెట్టు ఉండాలి.

ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. ఆయన భార్యకి కంటి ఆపరేషన్ అయింది, కొన్నాళ్లు కళ్లకి కట్టు. ఆవిడ కోసం క్యాసెట్ చేయించారు. వరస ఆయనే రాసి తెచ్చారు, ఒక్కటి కూడా అటూ ఇటూ మార్చొద్దన్నారు. ఎందుకండీ అంటే, "ఐదో పాట అయితే కాఫీ వేళ, తొమ్మిదో పాట అయితే నేను ట్యూషన్ ముగించుకుని వచ్చే వేళ. ఆవిడకి గడియారం కనపడదు కదా" అన్నారు. ఆ క్యాసెట్ నా చేత్తో చేశాను, ఇప్పటికీ గుర్తే.

అమ్మా తెనాలి అమ్మాయీ, నీ పోస్టులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఇది అయ్యాక అది రావాలి కదా" అన్నారట మీ అమ్మగారు. అది ఊరికే అన్నమాట కాదమ్మా. ఎవరో ఒకరు ఆవిడకి ఒక వరస అలవాటు చేశారు. మీ ఇంట్లో క్యాసెట్లు ఉండేవా?

7. తెనాలి అమ్మాయి

బాబాయిగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఉండేవండీ. నాన్న దగ్గర రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ-ఇన్-వన్ ఒకటి ఉండేది, నా చిన్నప్పటిది. క్యాసెట్లు ఏమయ్యాయో తెలియదు. అమ్మని అడుగుతాను. తమ్ముడు గుంటూరులో ఉంటాడు, ఆదివారం వెళ్లి చూడమని చెప్తాను.

ఈలోగా ఆ బూడిద రంగు పాటల గురించి ఎవరైనా చెప్పరూ?

8. కోడ్ కూనిరాగం

పాట యాప్‌ది కాదు, కంపెనీది. యాప్ వాళ్లు మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం మీద వినిపిస్తారు. ఒప్పందం ముగిసినా, ఆ ఆల్బమ్‌ని కంపెనీ వెనక్కి తీసుకుని మళ్లీ వేరే పేరుతో ఎక్కించినా, మీ జాబితాలో ఉన్నది చచ్చిపోతుంది. చాలాసార్లు అదే పాట ఇంకో చోట బతికే ఉంటుంది. పాత తెలుగు పాటలకి ఇది ఎక్కువ. ఒక్కో పాట అసలు సినిమా ఆల్బమ్‌లో ఒకసారి, గాయకుడి 'హిట్స్' సంకలనంలో ఒకసారి, 'మధుర గీతాలు' లాంటి మరో సంకలనంలో ఇంకోసారి ఉంటుంది. సంకలనాలు వస్తుంటాయి, పోతుంటాయి. సినిమా పేరుతో ఉన్న ఆల్బమ్ నుంచి పాట తీసుకుంటే ఎక్కువ కాలం నిలబడటం నేను గమనించాను.

ఆ 37 పాటల్ని తొలగించకండి. వాటి పేర్లు చూసి ఒక్కోటీ మళ్లీ వెతకండి, దొరికాక పాతది తీసేయండి. స్పాటిఫైలో అందుబాటులో లేని పాటల్ని చూపించే సెట్టింగ్ ఉంది. అది ఆపి ఉంటే పోయిన పాట పేరు కూడా కనపడదు, అసలు పోయిందనే తెలియదు. ఆన్‌లో పెట్టుకోండి.

ఇంకో మాట అందరికీ. జాబితా ఒక కాపీ బయట రాసిపెట్టుకోండి. గూగుల్ ప్లే మ్యూజిక్ యాప్ 2020లో మూతపడింది, వింక్ అనే పాటల యాప్ 2024లో. వాటిలో ఏళ్ల తరబడి జాబితాలు చేసుకున్నవాళ్లున్నారు. స్పాటిఫైలో ఖాతా ప్రైవసీ పేజీకి వెళ్లి 'నా డేటా' అడిగితే ప్లేలిస్టులతో సహా ఫైలు పంపుతారు. యూట్యూబ్ మ్యూజిక్‌కి అయితే మన డేటా దించుకోవడానికి గూగుల్ టేకౌట్ ఉంది. ఇంత గొడవ ఎందుకనుకుంటే నోటు పుస్తకంలో పాట, సినిమా, సంవత్సరం రాసుకున్నా చాలు. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మార్చిపెట్టే ట్యూన్‌మైమ్యూజిక్, సౌండీజ్ లాంటివి ఉన్నాయి, కానీ పాత తెలుగు పాటలకి వాటిని గుడ్డిగా నమ్మకండి. పేరు ఒకటే కనపడితే చాలు, వేరే పాట తెచ్చి పెట్టేస్తాయి.

9. పాత క్యాసెట్టు

ఆ చివరి మాట ముమ్మాటికీ నిజం. 'దేవదాసు' అని వెతికితే 1953 నాటిది రావచ్చు, 1974దీ రావచ్చు, 2006దీ రావచ్చు. సంవత్సరం చూడాలి.

పాట అసలుదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేవి చెప్తాను. ముందు లేబుల్, అంటే పాట విడుదల చేసిన కంపెనీ. పాత పాటలు చాలావరకు ఒకప్పటి హెచ్‌ఎంవీ, అంటే ఇప్పటి సారెగమ దగ్గరున్నాయి. తర్వాత నిడివి. నిమిషానికి 78 తిరుగుళ్ల పాత గ్రామఫోను రికార్డు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. ఆ కాలపు పాట ఐదున్నర నిమిషాలు చూపిస్తే అనుమానించండి. అది ఎవరో మళ్లీ పాడిందైనా కావచ్చు, లేదా నిజంగానే రికార్డు రెండు వైపులా వచ్చిన పెద్ద పాట కావచ్చు. వింటే తెలిసిపోతుంది. మళ్లీ పాడినవాటిలో తబలా ఉండాల్సిన చోట కీబోర్డు దరువు వినపడుతుంది. నీ 412లో అలాంటివి ఉంటే మీ అమ్మగారు మొదటి వాయిద్యానికే మొహం తిప్పేసుకుంటారు.

10. తెనాలి అమ్మాయి

ఉన్నాయండీ! ఇప్పుడే చూశాను, కనీసం పాతిక. ఫోన్లో గబగబా ఏరేటప్పుడు మొదటి పది సెకన్లు కూడా వినకుండా కలిపేశాను.

వెతకడం కూడా పెద్ద పరీక్షే అయింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. 'రా' కి ఒక 'ఏ' పెట్టినవాళ్లు, రెండు పెట్టినవాళ్లు. 'ళ' కి ఒకచోట ఒక 'ఎల్', ఇంకోచోట రెండు.

11. రేడియో రోజులు

పాట పేరుతో కాకుండా సినిమా పేరుతో వెళ్లండి, తక్కువ తిప్పలు. అదీ కుదరకపోతే సంగీత దర్శకుడి పేరుతో. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, మాస్టర్ వేణు, టి.వి. రాజు, కె.వి. మహదేవన్. ఒక్కో దర్శకుడి పేజీ తెరిస్తే మనం మరచిపోయినవి కూడా బయటపడతాయి. గాయకుల పేజీలతో చిక్కుంది. ఘంటసాల గారి పాటలు రెండు మూడు రకాల పేర్ల కింద చీలిపోయి ఉంటాయి. బాలు గారి పేజీలో తమిళం, కన్నడం, హిందీ అన్నీ కలిసిపోతాయి. 1966 నుంచి 2020 దాకా పాడిన మనిషి, ఆ పేజీలో తెలుగు పాట వెతకడమంటే గోదాట్లో ఉంగరం వెతకడమే.

12. వరంగల్ బిడ్డ

నేను డాలస్‌ల ఉంటాను. మీ ముచ్చట చదువుతుంటే మా బతుకమ్మ లిస్టు యాదికొచ్చింది.

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు మా అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లం ఆడుతం. స్పాటిఫైల అందరం కలిసి పాటలు చేర్చే లిస్టు పెట్టినం. లింకు పంపితే చాలు, అందరూ చేర్చొచ్చు. ఆ లింకు ఏడు రోజులే పనిచేస్తది, తర్వాత మళ్లీ కొత్తది పంపాలె. మొదటి ఏడాది పెద్ద గొడవైంది. ఎవరైనా చేర్చొచ్చు అంటే ఎవరైనా తీసెయ్యొచ్చు అని గూడా. చిన్నపిల్లలు డీజే పాటలు చేర్చి, చప్పట్లు కొట్టుకుంట నెమ్మదిగ తిరిగే ఉయ్యాల పాటలు తీసేసిన్రు. మా అత్తమ్మ ఇండియా నుంచి వచ్చి ఉన్నది అప్పుడు, ఏమనలేదు గాని పోయి కుర్చీల కూర్చున్నది. అది చూసి నాకు కడుపుల దేవినట్టైంది.

ఇప్పుడు రెండు లిస్టులు. అందరూ చేర్చేది ఒకటి. అందులకెళ్లి ఏరి, వరస పెట్టి, ఇద్దరి చేతిల మాత్రమే ఉండేది ఇంకోటి. ఆట మొదట్ల గంట సేపు పెద్దోళ్ల పాటలే, అత్తమ్మ చెప్పిన వరసల. ఆ తర్వాత డీజే. పిల్లలు గూడా మొదటి గంట ఆగుతున్నరు.

ఇంకొకటి, ఇండియాల వినపడే పాట ఇక్కడ వినపడకపోవచ్చు. హక్కులు దేశం దేశానికి వేరు. అక్కా, నువ్వు పుణెల ఉన్నవ్ కాబట్టి ఆ బాధ లేదు గాని, అమెరికా నుంచి అమ్మానాన్నలకు లిస్టు చేసేటోళ్లు మాత్రం వాళ్ల ఫోన్ల ఒక్కసారి మొత్తం వినిపించి చూడాలె.

13. ఘాట్ రోడ్డు

విశాఖ నుంచి అరకు టూరిస్టు బండి నడుపుతాను. అనంతగిరి ఎక్కుతుంటే సిగ్నల్ పోతుంది, వస్తుంది. మధ్యలో పాట ఆగితే బండిలో అందరి మొహాలూ వాడిపోతాయి. అందుకని అన్నీ డౌన్‌లోడ్ చేసే పెడతాను. పెద్దావిడకి కూడా అదే చేయండి, తెనాలిలో నెట్ బాగున్నా సరే. వైఫై పోయిన రోజున ఆవిడకి ఎవరు చూసిపెడతారు?

నెలకోసారైనా ఫోన్‌కి నెట్ తగలాలి, స్పాటిఫైలో 30 రోజులు దాటితే డౌన్‌లోడ్ చేసినవి కూడా పలకవు. క్వాలిటీ మరీ పైది పెట్టక్కర్లేదు. 320 కేబీపీఎస్‌కి (సెకనుకు 320 కిలోబిట్లు) పెడితే నిమిషానికి రెండున్నర ఎంబీ దాకా తింటుంది, 160 అయితే అందులో సగం. వంద పాటలు నాలుగైదు వందల ఎంబీల్లో సర్దుకుంటాయి. పాత పాటలకి ఆ సగం చాలు, నా బండి స్పీకర్లలో తేడా కనిపెట్టినవాళ్లు లేరు.

సౌండు ఒకటి సరిచేయండి. పాత పాట మెల్లిగా, కొత్త పాట గట్టిగా వస్తుంది, పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. సౌండు అన్నిటికీ సమానం చేసే సెట్టింగ్ ఉంది, ఆడియో నార్మలైజేషన్ అంటారు.

14. సన్నజాజి

నిన్న రేడియో రోజులు గారి మీద కాస్త చిరాకుపడ్డాను, కానీ ఆ కంటి ఆపరేషన్ మాట చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పాటల వరస తప్పితే "అదేంటే, మధ్యలోది మింగేశారు" అనేది. నా 900 మాత్రం షఫుల్‌లోనే ఉంటాయి, అది నాది. అమ్మమ్మకి మాత్రం వరసే కావాలి.

15. తెనాలి అమ్మాయి

ఆదివారం రాత్రి రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

తమ్ముడు అటక మీద రేకు పెట్టె దించాడు. పదకొండు క్యాసెట్లు. తొమ్మిది కొన్నవి, రెండు మాత్రం రికార్డు చేయించినవి. అందులో ఒక దాని లోపలి కార్డు మీద నాన్న చేతిరాత, నీలి సిరాతో, ఆయన రాసే ఆ గుండ్రటి అక్షరాలు. మొదటి వైపు పదకొండు పాటలు, రెండో వైపు పదకొండు. చివర్లో 'పద్యం' అని ఒక్క మాట. పైన అమ్మ పేరు. ఇంకేమీ లేదు.

తమ్ముడు ఆ కార్డు ఫొటో తీసి పంపితే, నేను ఫోన్లో అమ్మకి మొదటి పాట పేరు చదివాను. రెండోది నేను చదవకముందే అమ్మ చెప్పింది. మూడోది, నాలుగోది, అలా పదకొండూ చెప్పేసింది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

బాబాయిగారూ, మీరు అడక్కపోయుంటే ఆ పెట్టె ఎవరూ తీసేవారు కాదు.

ఇరవై రెండింటిలో పంతొమ్మిది యాప్‌లో దొరికాయి, అన్నీ సినిమా ఆల్బమ్‌లలోంచే, అన్నీ పూర్తిగా విని చూసుకున్నాక. మూడు ఎక్కడా లేవు, పద్యం కూడా లేదు. ఏం చేయను?

16. పాత క్యాసెట్టు

అమ్మా, చాలా సంతోషం.

ఆ క్యాసెట్ వెంటనే ప్లేయర్‌లో పెట్టొద్దు. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉండొచ్చు. ముందు కిటికీలోంచి చూడండి, టేపు మీద తెల్లటి బూజు ఉంటే ఇంట్లో ఆడించొద్దు, తెలిసినవాళ్లకి ఇవ్వండి. బాగుంటే పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు అటూ ఇటూ తిప్పి వదులు చేయండి. టేపు వెనక చిన్న దూది మెత్త లాంటిది ఉంటుంది, రేకు మీద అతికించి. అది ఊడిపోయిందేమో చూడండి, ఊడితే గొంతు బొంగురుపోతుంది. ముందు ఆ కొన్న క్యాసెట్లలో ఒకటి పెట్టి ప్లేయర్ టేపుని నమిలేస్తోందేమో పరీక్షించండి. అది దాటాకే నాన్నగారిది. మొదట చివరిదాకా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పి, ఆ తర్వాత ప్లే.

మొదటిసారి ఆడించేటప్పుడే రికార్డు చేసెయ్యండి. రెండో అవకాశం ఉంటుందో లేదో.

17. కోడ్ కూనిరాగం

రికార్డు చేయడానికి ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైక్ రంధ్రానికి ఒక ఆడియో వైరు చాలు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, పాటలు విడగొట్టి, ఎంపీ3గా దాచండి. సౌండు మొదట కాస్త తక్కువే పెట్టుకోండి, గొంతు పగిలితే తర్వాత బాగుచేయలేం.

ఆ నాలుగూ జాబితాలోకి రావాలంటే రెండు దారులు. స్పాటిఫై అయితే కంప్యూటర్‌లో లోకల్ ఫైల్స్ ఆన్ చేసి ఆ ఫోల్డర్ చూపించాలి, వాటిని జాబితాలో వాటి వాటి స్థానాల్లో పెట్టాలి. తర్వాత అమ్మగారి ఫోను, కంప్యూటరు ఒకే వైఫై మీద ఉంచి ఫోన్లో ఆ జాబితా డౌన్‌లోడ్ చేయాలి. తమ్ముడు లాప్‌టాప్ తీసుకుని తెనాలి వెళ్తే పది నిమిషాల పని. యూట్యూబ్ మ్యూజిక్‌లో అయితే సొంత పాటలు ఎక్కించుకోవచ్చు, లక్ష దాకా పడతాయి. ఆ ఖాతాకి తప్ప ఇంకెవరికీ కనపడవు.

18. తెనాలి అమ్మాయి

రెండు వారాల తర్వాత వస్తున్నాను.

క్యాసెట్ బాగానే ఉంది. పద్యం చివర్లో కాస్త అరిగింది, మిగతా అంతా శుభ్రం. నాలుగూ చేర్చేశాం. మొదట ఇరవై రెండు పాటలూ, పద్యమూ కలిపి ఒకే జాబితాగా చేసి ఇచ్చాను. అమ్మ విని, "పదకొండో పాట అవ్వగానే వెంటనే తర్వాతది అందుకుంటోందేమిటే, తిప్పాలి కదా" అంది. అందుకని రెండుగా విడగొట్టాను. 'మొదటి వైపు', 'రెండో వైపు'. ఆటోప్లే ఆపేశాం కాబట్టి పదకొండో పాట అయ్యాక ఆగిపోతుంది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి రెండోది నొక్కుతుంది. ఆ రెండూ పైనే కనపడేలా పిన్ చేసి పెట్టాడు తమ్ముడు.

రేడియో రోజులు గారూ, మీ మాట ప్రకారం 'ఉదయం' కూడా చేశాను. సుప్రభాతంతో మొదలై నలభై నిమిషాలు. సాయంత్రానిది అమ్మే చెప్తోంది, నేను రాసుకుంటున్నాను. నిన్న ఫోన్లో ఆరు పాటలు చెప్పింది, అందులో రెండు నేనెప్పుడూ వినలేదు.

రికార్డు చేయించిన క్యాసెట్లు రెండని చెప్పాను కదా. రెండో దానికి కార్డు లేదు, టేపు ఒక చోట తెగి ఉంది. అతికించొచ్చా?

19. పాత క్యాసెట్టు

అతికించొచ్చు. మామూలు సెల్లో టేపు వాడకండి, దాని జిగురు కారి పక్క చుట్టుకి అంటుకుంటుంది, ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది. దీనికని స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. తెగిన రెండు చివర్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి కత్తెరతో ఏటవాలుగా ఒకే వేటుకి కోసి, అంచులు తాకేలా ఆనించి, ప్లేయర్ హెడ్‌కి తగలని లోపలి వైపు అతికించాలి. హెడ్‌కి తగిలే బయటి వైపు, అంటే పాట ఉన్న వైపు, వేలు తగలనివ్వద్దు. క్యాసెట్‌కి నాలుగు మూలలా స్క్రూలు ఉంటే విప్పడం తేలిక. స్క్రూలు లేకుండా అతికించిన రకమైతే నువ్వు ముట్టుకోకమ్మా. ఫొటో పెట్టు, చూసి చెప్తాను.